నూట నలభై మిల్లీలీటర్లు

జనవరి 27, సోమవారం

రికార్డులో అంకెలు మాత్రమే ఉండాలని దివాకర్ సార్ ఆజ్ఞ. "సంతోషం, భయం, వాసన, ఇవన్నీ రికార్డుల రాయకుండ్రి" అన్నారు. మరి వాటిని ఎక్కడ పెట్టాలి? అందుకే ఈ నోటుబుక్కు. దీన్ని ఎవరికీ చూపించను. గజాలాకు కూడా.

ప్రాజెక్టు ఖాయమైంది. కంకులు విరిచాక చేనులో మిగిలిపోయే మక్కచొప్ప నుంచి ఇంధనం తీయాలి. చొప్పను ముక్కలు కొట్టి, యాసిడ్ నీళ్లలో ఉడికించి, పులియబెట్టి, బట్టీ పెడితే స్పిరిట్ వస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదట. సార్ అడిగేది వేరు. "ఎంత వచ్చింది అని కాదు. ఎంత మంట పెడితే ఎంత మంట వచ్చింది? గదొక్కటి చెప్పుండ్రి చాలు." వచ్చిన శక్తి పైన, పెట్టిన శక్తి కింద. భాగిస్తే ఒకటి దాటాలి. దాటకపోతే మనం చేసింది ఇంధనం కాదు, దండగ.

పోటీ ఫిబ్రవరి 12న, సిరిసిల్లలో. భాగ్యక్క కానుపు కోసం వెళ్లి అమ్మ కూడా అక్కడే ఉంది. గెలిస్తే అమ్మ ముందు గెలుస్తాను.

"ఊట" అన్న మాట ఎంత బాగుంది! బట్టీలోంచి దిగే చుక్కలను బాపు తల్లి, మా బాపమ్మ, ఊట అంటుంది. పుస్తకంలో "స్వేదనం" అని ఉంది. రెండూ రాసుకున్నాను. ఒకటి పరీక్షకు, ఒకటి నాకు.

ఫిబ్రవరి 1, శనివారం

పన్నెండు కిలోల ఎండుచొప్పను రెండు మోపులుగా బాపు కట్టి ఇచ్చాడు. కోరుట్లలో గజాలా కలిసింది. ఇద్దరం చెరొక మోపుతో జగిత్యాల బస్సు ఎక్కితే కండక్టర్ నోరు తెరిచాడు.

"ఏందమ్మా, కాలేజీల బర్రెలను కట్టేసిర్రా?"

"మా సార్ కోసం" అంది గజాలా.

బస్సంతా నవ్వింది. "మీకు జీరో టికెట్ గని చొప్పకు ఫ్రీ లేదు" అని ఆయన గొణిగాడు, కాని ఏమీ కొట్టలేదు.

పొద్దున బయలుదేరేటప్పుడు బాపమ్మ అడిగింది: "గీ చొప్పతోని ఏం జేస్తవే?"

"బండ్లు నడిచే నూనె లాంటిది తీస్తం."

"దేని మీద ఉడుకబెడుతరు?"

"కట్టెల మీద."

"కట్టెలు కాలబెట్టి, చొప్పను ఉడుకబెట్టి, మల్ల దాన్ని కాలబెడుతరా? చొప్పనే పొయ్యిల పెడితే అన్నం ఉడుకది?"

బడి ముఖం చూడని మనిషి. ఇది రికార్డులో రాయలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ఊట వచ్చింది!

ల్యాబు వెనక రేకుల షెడ్డులో పొద్దున తొమ్మిదింటికి మంట వేశాం. గజాలా కట్టెలు కాంటా పెట్టి ఇచ్చింది, నేను పొయ్యిలో పెట్టాను. చొప్ప ఉడికించిన రోజువి, ఈ రోజువి కలిపి పదకొండు కిలోలు. మొదటి చుక్క పడగానే ఇద్దరం కేక వేశాం. సార్ పరుగున వచ్చారు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, చాలా మెల్లగా చెప్పారు.

"ఇది తాగే సారా గాదు. చొప్ప నుంచి తీసినదాంట్ల మిథనాల్ ఉండొచ్చు. ముందుగాల పడేదాంట్ల ఇంకెక్కువ. మన కొలతకు కావాలె గనుక పారబోస్తలేను. గుక్కెడు లోపలికి పోయినా కండ్లు పోవచ్చు. ఆ తర్వాత మనిషే పోవచ్చు. నాలుక గూడ తడుపొద్దు. సమజైందా?"

సమజైందని ఇద్దరం తల ఊపాం.

మొత్తం ఆరు వందల ఇరవై మిల్లీలీటర్లు. అందులో ఉన్న శక్తి పది మెగాజౌళ్లు. కాల్చిన కట్టెల్లో నూట అరవై అయిదు. భాగించాను. మళ్లీ భాగించాను. నూరు పాళ్లు పెడితే ఆరు పాళ్లు వచ్చింది.

ఒకటి కాదు. ఒకటిలో సగం కాదు. నూటికి ఆరు.

సాయంత్రం బస్సులో ఒక ఆలోచన వచ్చింది. కట్టెలు కూడా మొక్కలే కదా, మళ్లీ మొలుస్తాయి. పెద్ద ఫ్యాక్టరీల లెక్కల్లో కూడా చెత్తను కాల్చిన వేడిని కొందరు కలపరని చదివాను. కట్టెలను వదిలేసి, చొప్ప కోసిన మిషన్ కరెంటు మాత్రమే లెక్కపెడితే 2.8 వస్తుంది! ఫోన్‌లో గజాలాకు చెప్పాను.

"అరె వా! అట్లయితే మా ఇంట్ల బిర్యానీ గూడ మొత్తం లాభమే. బియ్యం, గోష్ లెక్కపెట్టకుంటే చాలు" అంది.

నవ్వాను. కాని 2.8 రాసుకున్నాను. అబద్ధం కాదు. ఒక పద్ధతి.

ఫిబ్రవరి 8, శనివారం

ఇక్కడ నిజం రాయాలి. సీసా నా దగ్గరే ఉంది.

సోమవారం దాకా బీరువాలో పెట్టి తాళం వేయించమని సార్ చెప్పి వెళ్లారు. గజాలా ముందే వెళ్లిపోయింది. రెండు రోజులు సెలవు. ఈ స్పిరిట్ మండితే ఎన్ని నీళ్లు మరుగుతాయో ఇంట్లోనే కొలిచి చూస్తే సార్ మెచ్చుకుంటారని అనిపించింది. సంచిలో పెట్టుకొని వచ్చాను.

ఇంట్లో ఎక్కడ పెట్టాలన్నదే భయం. మాది గీత పని చేసే ఇల్లు. కల్లు కోసం వచ్చేవాళ్లు అరుగు మీద కూర్చుంటారు, దాహమైతే లోపలికి వచ్చి ఏది కనబడితే అది ఎత్తుకుంటారు. చివరికి ఎల్లమ్మ గూట్లో పటం వెనక పెట్టాను. అక్కడ ఎవరూ చేయి పెట్టరు.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాలుగు వందల ఎనభై.

రెండుసార్లు కొలిచాను. కొలపాత్ర సమంగా ఉన్న చోట పెట్టి, కన్ను దాని ఎత్తుకు తెచ్చి చూశాను. నాలుగు వందల ఎనభై. నూట నలభై తక్కువ.

మూత సరిగా బిగించి ఉండను. స్పిరిట్ తొందరగా ఆవిరవుతుంది. ఆవిరి. తేలికైన మాట, పలికితే పెదవుల దగ్గరే అయిపోతుంది.

గూటి ముందు నేల కొంచెం తడిగా ఉంది. బాపమ్మ తుడిచి ఉంటుంది.

నీళ్లు మరిగించి చూడటం మానేశాను. రికార్డులో 620 అనే ఉంది. ఆ రోజు వచ్చింది అంతే కదా.

ఫిబ్రవరి 10, సోమవారం

సీసాను బీరువాలో పెట్టేశాను. ఎవరూ చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి బాపు చెట్ల నుంచి దిగి వచ్చి, లొట్టిలోంచి కుండలోకి కల్లు వంచుతున్నాడు. కల్లు కుండలో పడలేదు. జానెడు పక్కన నేల మీద పడుతోంది. బాపు వంచుతూనే ఉన్నాడు.

"బాపూ!"

ఉలిక్కిపడ్డాడు. "అరే. కండ్లు జర మసకగున్నయి బిడ్డా. ఎండకు."

ఫిబ్రవరి ఎండ.

ఆ తడి చూసి బాపమ్మ తిట్టింది. బాపు నవ్వాడు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 10

ఆవిరే.

ఫిబ్రవరి 11, మంగళవారం

కాలేజీకి పోలేదు. కడుపు నొప్పి అని చెప్పాను.

పొద్దున బాపు ముందు పేపరు పట్టుకొని కూర్చున్నాను. "బాపూ, గీ పెద్దక్షరం ఏందో చెప్పు."

"నాకు సదువెక్కడిది బిడ్డా?" అని చెట్లకు వెళ్లిపోయాడు. గడప దాటేటప్పుడు ఎడమ చేత్తో గుమ్మాన్ని తడిమాడు. ఎప్పుడూ తడుముతాడా? నాకు గుర్తులేదు. పంతొమ్మిదేళ్లుగా చూస్తున్న మనిషి గడప ఎలా దాటుతాడో నాకు గుర్తులేదు.

బాపమ్మ చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చున్నాను. నేనూ నాలుగు తీశాను. తర్వాత అడిగాను.

"బాపమ్మా, గూట్ల సీస ముట్టినవా?"

ఆమె ముఖం విప్పారింది. "నువ్వు అడుగుతవనే చూస్తున్న! మొట్టమొదటిసారి నీ చేతుల మీద ఊట దిగె. మనింట్ల ఏది తీసినా ముందుగాల ఎల్లమ్మకే గద. సదువుకున్న పిల్ల మర్చిపోతదనుకున్న. నువ్వు ఒక్క మాట అనకుంట పటం ఎనుక పెట్టినవ్. నా పానం ఎంత సంబురపడ్డదో తెలుసా? ఆదివారం పొద్దుగాల తానం జేసి సాక పోసిన."

"అంతా పోసినవా?"

"జరంత పోసిన. ఉత్త గిలాసతో తీర్థం ఎట్లయితది? మిగిలింది మీ బాపుకిచ్చిన."

"నువ్వు?"

"మీ తాత పోయిన సంది నేను ముట్టలె."

నేను దాచిన చోటు, ఈ ఇంట్లో, ఎల్లమ్మకు ఇచ్చే చోటు. ఇది నాకు తెలియదా? పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. కొత్త చెట్టు గీసిన ప్రతి ఏడూ మొదటి కల్లు ఆ గూటి ముందే నేల మీద పడుతుంది. తెలిసి కూడా పెట్టాను.

ఆదివారం పొద్దున. ఇప్పుడు మంగళవారం. ఫోన్‌లో మిథనాల్ గురించి చదివాను. వాంతులు, కడుపునొప్పి, మసక, చీకటి. కల్లు తాగే మనిషిలో లక్షణాలు ఆలస్యంగా బయటపడవచ్చని ఒక చోట ఉంది. బాపు రోజూ కల్లు తాగుతాడు.

చెప్పాలి. బాపు రాగానే చెప్పాలి.

ఫిబ్రవరి 11

వచ్చాడు. అన్నం తిన్నాడు. వాంతి చేసుకోలేదు. "కూరల ఉప్పు సరిపోయిందే" అన్నాడు. ఉప్పు రుచి తెలుస్తున్న మనిషికి ఏమీ కాలేదని అర్థం. కదా?

చెప్పలేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

జగిత్యాల ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. వరసగా రాస్తే భయం వరసలో నిలబడుతుందేమో.

పొద్దున లేచేసరికి బాపు చెట్లకు వెళ్లిపోయాడు. నేను బస్సెక్కాను. సార్, సీసా కోసం ముందే కాలేజీకి వెళ్లిన గజాలా జగిత్యాలలో ఎక్కారు. సిరిసిల్ల దాకా గజాలా నా చేయి పట్టుకొని కూర్చుంది. "నీ చేయి ఐస్ లెక్క ఉన్నది. గింత టెన్షనా? 2.8 వచ్చింది గదనే" అంది. నేను కిటికీలోంచి తాటిచెట్లు చూస్తున్నాను. ఒక చెట్టు పైన ఎవరో ఉన్నారు. ఆ చెట్టు దాటేదాకా ఊపిరి తీసుకోలేదు.

హాల్లో వెనక వరసలో అమ్మ కూర్చుంది. నన్ను చూసి చేయి ఊపింది. మా వంతు వచ్చింది. గజాలా చొప్ప, సీసా చూపించింది. నేను లెక్క చెప్పాను. నా గొంతు బాగానే ఉంది. దానికే నాకు భయం వేసింది.

జడ్జీల్లో తెల్లగడ్డం పెద్దాయన కళ్లద్దాలు తీసి చూశాడు. "ఒకటి పెడితే రెండు పాయింట్ ఎనిమిది. శభాష్. ఇందులో లెక్కకు రానిదేమన్నా ఉందా అమ్మా?"

మామూలు ప్రశ్నే. అందరినీ అడుగుతున్నాడు.

"కట్టెలు రాలేదు సార్" అన్నాను. గజాలా నా వైపు తిరిగింది. "కట్టెలు కలిపితే నూటికి ఆరు."

"మంచిది. దాచకుండా చెప్పావు. ఇంకా?"

"ఆరు వందల ఇరవై లేదు సార్. సీసాలో నాలుగు వందల ఎనభై ఉంది."

"మిగతాది ఏమైంది?"

"మా బాపు తాగిండు."

ఎక్కడో ఒక నవ్వు వినిపించింది. తర్వాత ఎవరూ నవ్వలేదు. దివాకర్ సార్ కుర్చీలోంచి లేచి వచ్చారు. "ఎప్పుడు? శ్రీలతా, ఎప్పుడు?"

"ఆదివారం."

ఆ తర్వాత మాట్లాడింది గజాలా. నా ఫోన్ కూడా తనే లాక్కుంది. వాళ్లన్న అఫ్సర్ కోరుట్లలో ఆటో నడుపుతాడు. "భయ్యా, సవారీని దింపెయ్. లత వాళ్ల ఊరికి పో. వాళ్ల నాయనను ఎక్కించుకొని జగిత్యాల దవాఖానకు తే. ఎందుకని అడగకు. పో!"

అమ్మ వేదిక మీదికే వచ్చింది. కొడుతుందనుకున్నాను. నా మణికట్టు పట్టుకొని "పా" అంది. చెప్పులు హాలు బయటే మర్చిపోయింది. సార్ కారు మాట్లాడారు. దారంతా ఆయన ఒకే మాట అన్నారు: "తాళం నేనే ఎయ్యాల్సుండె. నేనే ఎయ్యాల్సుండె." నన్ను ఒక్కసారీ తిట్టలేదు. తిడితే బాగుండేది.

అఫ్సర్ అన్న వెళ్లేసరికి బాపు చెట్టు మీద ఉన్నాడట. కింద నిలబడి అరిచాడట.

"కాకా, దిగు!"

"కల్లు గావాల్నంటే గంటాగు!"

"కల్లొద్దు కాకా, నువ్వు గావాలె! జల్ది!"

అది చెప్పి అఫ్సర్ అన్న నవ్వించాలని చూశాడు. ఎవరూ నవ్వకపోతే వెళ్లి అమ్మకు టీ, ఒక జత రబ్బరు చెప్పులు తెచ్చాడు.

బాపును లోపలికి తీసుకెళ్లారు. నడుచుకుంటూనే వెళ్లాడు. ఆటోలో వెంట వచ్చిన బాపమ్మ నా పక్కన కూర్చొని తన రెండు అరచేతులను చూసుకుంటోంది.

"నేనే ఇచ్చిన" అంది.

"నేనే పెట్టిన" అన్నాను.

ఫిబ్రవరి 13, గురువారం

డాక్టరమ్మ మమ్మల్ని లోపలికి పిలిచింది. బాపు మంచం మీద కూర్చొని ఉన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా.

"ఎంత తాగినవ్? సక్కగ చెప్పు."

బాపు తలుపు వైపు చూశాడు. "అవ్వ బయటనే ఉన్నదా?"

"ఉన్నది."

గొంతు తగ్గించాడు. "తాగలె మేడమ్. నోటిదాక తెచ్చిన. గా వాసనకే తల తిరిగింది. పుట్టి బుద్ధెరిగిన సంది కల్లు తప్ప ఏది ముట్టలె నేను. అవ్వ ఎదురుంగ నిలబడ్డది, అంత సంబురంగ ఇచ్చె. తల అటు తిప్పి గోడవతల పోసిన."

అమ్మ గోడకు ఆనుకొని కిందికి జారింది. నేను బాపు చేయి పట్టుకొని ఏడ్చాను, నవ్వాను.

డాక్టరమ్మ నవ్వలేదు. "మరి మసకలు ఎందుకొచ్చినయ్?"

బాపు కళ్లు నులుముకున్నాడు.

ఆమె చిన్న టార్చి తీసి ఒక కన్ను చూసింది. రెండో కన్ను చూసింది. మళ్లీ మొదటిది చూసింది. "రెండింట్ల మోతిబిందు, శుక్లాలు. కుడిది బాగ ముదిరింది. ఎప్పటి సంది కనబడ్తలేదు?"

"పోయిన ఎండకాలం సంది."

"ఏం పని జేస్తవ్?"

బాపు నా వైపు చూశాడు. నా వైపు అంటే, నా గొంతు వచ్చే వైపు. ఆ తేడా ఈ రోజే చూశాను.

"గీత" అన్నాడు.

ఆమె పెన్ను కింద పెట్టింది.

రక్త పరీక్షల్లో విషం లేదు. అయినా ఒక రోజు ఉంచి పంపుతామన్నారు. అందరూ నన్ను ఓదారుస్తున్నారు, ఏమీ కాలేదని. నా భయం తీరడానికి ఒక్క నిమిషం పట్టింది. తర్వాత ఇంకొకటి మొదలైంది. పద్నాలుగు చెట్లు. రోజుకు రెండు పూటలు. పది నెలలు. గుణించాను. ఎనిమిది వేల నాలుగు వందలు. వర్షం రోజులు తీసేసినా, చెట్లు మారినా, ఏడు వేలు. చేతిలో కత్తి, అరవై అడుగుల పైన, ఏడు వేల సార్లు.

ఎలా ఎక్కావని అమ్మ అడిగింది.

"చేతులకు ఎరుకే. చెట్టును పట్టుకుంటే ఏ చెట్టో తెలుస్తది" అన్నాడు. కొంచెం గర్వంగానే అన్నాడు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

వచ్చే వారం ఆపరేషన్ చేస్తామన్నారు. ఆ తర్వాత నెలన్నర చెట్టు ఎక్కొద్దు. బాపు అంతా విన్నాడు, "సరే మేడమ్" అన్నాడు. అమ్మను మళ్లీ అక్క దగ్గరికి పంపించాడు. మేము ఇంటికి రాగానే కత్తి నూరుతూ కూర్చున్నాడు.

"బాపూ, ఆపరేషన్?"

"ఎండకాలం దాటనీ."

"డాక్టరమ్మ..."

"పూటపూటకు గియ్యకపోతే గెల ఎండిపోతది బిడ్డా. సీజన్ల నేను దిగితే చెట్లు గీత సంఘం ఇంకొకలకిస్తది. అగో, పది నెలలెక్కిన. ఇంక మూడు నెలలేనాయె."

ఏమీ కాని రోజులను మాత్రమే లెక్కపెడుతున్నాడు. నేను కట్టెలను వదిలేసినట్టు బాపు కళ్లను వదిలేస్తున్నాడు. 2.8 చెప్పినప్పుడు నా గొంతు ఎంత ధీమాగా ఉందో, బాపు గొంతు అంత ధీమాగా ఉంది.

సార్ ఫోన్ చేశారు. రికార్డును కొట్టివేతలు లేకుండా మళ్లీ రాయమన్నారు. రాశాను. చొప్ప పన్నెండు కిలోలు. కట్టెలు పదకొండు కిలోలు. కరెంటు ఒక యూనిట్. మిగిలిన స్పిరిట్ 480 మిల్లీలీటర్లు. నూరు పెడితే వచ్చింది అయిదు కూడా కాదు. కింద సంతకం చేశాను.

రేపు పొద్దున బాపు ఎక్కుతాడు.

ఫిబ్రవరి 15, శనివారం

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు ఎగిరిపడుతున్నాయి.

తెల్లవారుజామున లేచాను. మోకు పెరట్లో మేకుకు వేలాడుతోంది. చెట్టునూ మనిషినీ కలిపి పట్టుకొనే తాడు అది. మా ఇంట్లో ఆడవాళ్లు దాన్ని ముట్టరు, కింద ఉంటే దాటరు. బాపు తన నడుముకు కొలిచి తానే పేనుకున్నాడు. ఇంకొకరి మోకుతో ఎక్కడు, ఇంకొకరికి తనది ఇవ్వడు.

తీశాను. అనుకున్నదానికంటే చాలా బరువుంది. కాలేజీ సంచిలోంచి పుస్తకాలు తీసేసి కుక్కాను. వెనక్కి తిరిగితే బాపమ్మ నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. నా చేతుల వైపు చూసింది. సంచి వైపు చూసింది.

"జిప్పు పెట్టుకో. కనబడ్తున్నది" అంది. చెంబు పట్టుకొని అటు తిరిగింది.

కోరుట్లలో బస్సెక్కాను. రెండు వారాల కింద చొప్పతో ఎక్కించిన కండక్టరే. "జగిత్యాలేనా?" అన్నాడు. జగిత్యాల అయితే బాపు అఫ్సర్ అన్న ఆటో ఎక్కి గంటలో కాలేజీ గేటు దగ్గరుంటాడు.

"సిరిసిల్ల" అన్నాను. అమ్మ దగ్గరికి.

మోకు సంచిలో ఒళ్లో ఉంది. కల్లు వాసన, చెమట వాసన. ముందు సీటామె ముక్కు మూసుకుంది. ఫోన్ మూడుసార్లు మోగింది. ఎత్తలేదు. బాపు నా మీద ఎప్పుడూ చేయి చేసుకోలేదు, గట్టిగా కేకలేయలేదు. అయినా ఇంత భయం నాకు ఆసుపత్రిలో కూడా వేయలేదు. నాలుగోసారి ఎత్తాను.

"లతా. మోకు నీ దగ్గరున్నదా?"

"ఉన్నది."

గాలి చప్పుడు. తాటాకుల చప్పుడు.

"ఏడున్నవ్ బాపూ?"

"చెట్టు కిందున్న."

"కిందనే ఉండు బాపూ" అన్నాను.